ఇంకో గడి

దరఖాస్తులో బైపీసీ ఎదురుగా
టిక్కు ఎప్పుడో పెట్టాను.
పెన్ను మాత్రం కాగితం మీదే ఆగిపోయింది.
కింద ఇంకో గడి ఉంది,
లెక్కలు కూడా కావాలా, అని.

"ఎందుకమ్మా అంత బరువు" అన్నాడు కౌంటర్లో మస్తానయ్య
స్టాంపు ప్యాడు మూత తెరిచి పట్టుకుని.
"డాక్టరు పరీక్షలో లెక్కలు అడగరు గదా.
పదోక్లాసుతో పీడ వదిలిందని
నీ ఈడు పిల్లలు ఆ పుస్తకాలు
కేజీల్లెక్కన అమ్మేశారు."
కేజీల్లెక్కన. అక్కడా లెక్కే.
వెనక నుంచి కరిమూన్ జడ లాగింది:
"తొందరగా తేల్చు, ఒంటిగంట బస్సు పోతుంది."

నాకు లెక్కల్లో వచ్చింది అరవై ఒకటి.
అది కూడా చెప్పాలి.

మా అమ్మ పెంచలమ్మ
కనిగిరి వీధుల్లో నీళ్లు అమ్ముతుంది.
ఇరవై లీటర్ల క్యాన్లు, మూడు చక్రాల బండి.
ఎవరింట్లో ఎన్ని దించిందో
మా గోడ మీద బొగ్గు గీతలు,
నాలుగు నిలువు, వాటి మీద ఒకటి అడ్డం.
నెలాఖరుకి వాటిని రూపాయలు చేసేది నేను.
బాకీ ఎగ్గొట్టే ఇళ్ల ముందు కూడా
ఆమె బండి ఆగుతుంది.
"బోరు నీళ్లు తాగమని ఎట్టా చెప్తామే" అంటుంది.

నా ముందు పళ్ల మీద గోధుమరంగు చార
చిన్నప్పుడు తాగిన దానికి రసీదు.
ఓబులేసు మామకి అంతకంటే పెద్ద బిల్లు వచ్చింది.
నలభై ఎనిమిదేళ్లకే
మెడ ఒక్కటే తిప్పలేడు,
పిలిస్తే మనిషి మొత్తం తిరుగుతాడు
తలుపు తిరిగినట్టు.

ఒంగోలు పెద్దాసుపత్రిలో
ఎక్స్‌రేని కిటికీ వెలుగుకి పెట్టి
"ఎన్నాళ్ల నుంచి?" అని అడిగింది డాక్టరమ్మ.
మామ నా వైపు చూశాడు.
ఏ రోజని చెప్తాడు?
ఏ రోజు చూసినా నిన్నటిలాగే ఉన్నాడు కదా.
మందుల చీటీ పట్టుకుని తోడు పోయిన నేను
ఆ ప్రశ్నని బస్సులో పొదిలి దాకా నమిలాను.

బడి మూసే ముందు ఒక వాన సాయంత్రం
మాలకొండయ్య సారు
మా పుస్తకంలో లేనిదొకటి చెప్పారు.
కంటికి ఆననంత చిన్న ముక్కల్ని
తెంపు లేకుండా కూడుకుంటూ పోయే పద్ధతి ఉందని.
బోర్డు మీద దాని గుర్తు గీశారు,
పైన కాస్త వంగి, కింద కాస్త వంగి.
"రాసుకోవద్దు, పరీక్షకి రాదు" అన్నారు.
రాసుకోలేదు.
ఆ ఎక్స్‌రేని అప్పటికే చూసి ఉన్నాను.

ఆ రాత్రి మంచం మీద బోర్లా పడుకుని
నాకొచ్చిన లెక్కే వేశాను.
పంచాయతీ గోడకి అంటించిన కాగితం ప్రకారం
లీటరుకి నాలుగు మిల్లీగ్రాములు.
పొలం మనిషి, రోజుకి మూడు లీటర్లు.
నలభై ఏళ్లు.
నూట డెబ్బై అయిదు గ్రాములు తేలింది,
దోసెడు.
మరి చెమటలో ఎంత పోయింది,
ఒంట్లోంచి ఎంత బయటికెళ్లింది,
ఏ వయసులో ఎముక ఎంత పట్టుకుంది?
వచ్చేదీ పోయేదీ రోజూ మారుతుంటే
నిలిచేదెంతో
నా గుణకారానికి అందలేదు.
అక్కడ ఖాళీ వదిలి దీపం ఆర్పాను.

"ఏందమ్మా, రాత్రయ్యేట్టుంది" అన్నాడు మస్తానయ్య.

టిక్కు పెట్టాను.
చెయ్యి వణికి గీత గడి దాటి
పక్కనున్న తండ్రి సంతకం దాకా పోయింది.
మస్తానయ్య స్టాంపు గుద్ది
ఫ్యాను గాలికి ఎగరకుండా
దాని మీద టిఫిన్ డబ్బా పెట్టాడు.

బస్సు పోనే పోయింది.
కరిమూన్ నన్ను తిట్టుకుంటూ
నా సంచి కూడా తనే మోసింది.
కొండ మలుపులో బోరింగు దగ్గర
ఓ పిల్లాడు దోసిలి పట్టి తాగుతున్నాడు,
వాడి చెల్లెలు పంపు మీద వేలాడుతూ కొడుతోంది.
ఒక గుక్క. రెండు. మూడు.
నాలుగోది లెక్కపెట్టలేక
పోయి నా బాటిల్ ఇచ్చాను.